యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ ఎందుకు పేలుతుంది?

మీకు తెలుసా? గేరు తగ్గించి యాక్సిలరేటర్ వదలగానే సైలెన్సర్‌లోంచి 'టప్... టపటప' మని వచ్చే చప్పుడుకీ బండి బలానికీ సంబంధమే లేదు. సిలిండర్‌లో మండి పిస్టన్‌ను నెట్టాల్సిన పెట్రోలు అక్కడ మండకుండా తప్పించుకుని, పొగ గొట్టంలోకి వచ్చాక మండితే వచ్చే మోత అది. అందులో చక్రానికి చేరే శక్తి సున్నా. కాలేజీ గేటు దగ్గర బుల్లెట్‌ను అలా పేల్చి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసుకునే కుర్రాడు లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుతో రేకు గొట్టం కాగబెడుతున్నాడన్న మాట.

పెట్రోలు ఉంది, వేడి ఉంది, గాలి ఎక్కడిది?

పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక గ్రాముకు 14.7 గ్రాముల గాలి కావాలి. కాస్త అటూ ఇటూ అయినా అంటుకుంటుంది గానీ, మరీ తేడా వస్తే ప్లగ్గు ఎంత నిప్పురవ్వ రాల్చినా ఫలితం ఉండదు. జోరుగా పోతున్న బండిలో యాక్సిలరేటర్ ఒక్కసారిగా మూసేస్తే జరిగేది ఇదే. వెనక చక్రం ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటుంది. పిస్టన్ నిమిషానికి వేలసార్లు గాలి పీల్చబోతుంది, దారేమో మనం మూసేశాం. సందులోంచి వచ్చే కొద్దిపాటి గాలి, కొద్దిపాటి పెట్రోలు, దానికి తోడు అంతకు ముందు మండి బయటికి పోకుండా మిగిలిపోయిన పొగ. ఈ కలగాపులగం ఒకసారి అంటుకుంటుంది, ఇంకోసారి అంటుకోదు. అంటుకోని విడత అంటుకోనట్టే ఇంజిన్ నుంచి పొగ తీసుకెళ్లే బెండ్ పైపులోకి పోతుంది.

బెండ్ పైపు అప్పటికే కాలిపోతూ ఉంటుంది. తర్వాతి విడత మండి వచ్చే పొగ ఇంకా వేడి. కాబట్టి అక్కడ పెట్రోలుకూ వేడికీ కొదవ లేదు. కావాల్సిందల్లా ప్రాణవాయువు. అదెక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. పొగ గొట్టంలో ఒత్తిడి ఒక్క తీరుగా ఉండదు. ప్రతి విడత పొగా ఒక తోపుగా బయటికి పోతుంది, దాని వెనకాలే గొట్టంలో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గిపోతుంది. ఆ క్షణంలో ఇంజిన్ హెడ్‌కు బెండ్ పైపు కలిసే చోట ప్యాకింగ్ అరిగి ఉంటే, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. ఇక 'టప్' మనక ఏం చేస్తుంది?

అందుకే చేయి తిరిగిన మెకానిక్ కార్బురేటర్ జోలికి పోయే ముందు ఆ జాయింటు చుట్టూ నల్లటి మసి మరక ఉందేమో చూస్తాడు. ఉంటే ప్యాకింగ్ మారిస్తే చాలు, చవకలో తేలిపోయే పని. అది చూడకుండా జెట్లు మార్చుకుంటూ పోయేవాడి దగ్గర బండి వదలకండి.

జాయింటు బాగానే ఉంటే తర్వాతి అనుమానం స్లో జెట్ మీద. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చేది ఆ సన్నటి రంధ్రం నుంచే. నెలల తరబడి మూలన పెట్టిన బండిలో పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, అది రంధ్రాన్ని సగం మూసేస్తుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన మిశ్రమం సరిగా అంటుకోదు. కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలినా ఇదే గతి.

పాత బండికి కొత్త పెట్రోలు

ఇప్పుడు బంకులో మనకు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. ఇథనాల్ తన లోపలే ప్రాణవాయువును మోసుకొస్తుంది, కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు: గ్రాముకు 9 గ్రాములు. లెక్క కడితే ఈ20కి గ్రాముకు దాదాపు 13.5 గ్రాముల గాలి సరిపోతుంది. కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండిలో పొగను వాసన చూసే ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడా పసిగట్టి పెట్రోలు కాస్త పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇరవై ఏళ్ల కిందట మామూలు పెట్రోలుకు సరిపెట్టిన జెట్టు ఇప్పుడూ అంతే పోస్తుంది. దాంతో మిశ్రమంలో గాలి వాటా పెరిగినట్టే. ఇదివరకు కిక్కురుమనని పాత బండి ఈ మధ్య ఘాట్ దిగేటప్పుడు టపటపలాడుతోందంటే ఈ కోణం కూడా చూడాలి. ఎయిర్ స్క్రూ కొద్దిగా సవరిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

కంపెనీయే గాలి పంపిస్తుంది!

కొన్ని బండ్లలో ఎయిర్ ఫిల్టర్ నుంచి ఓ చిన్న గొట్టం నేరుగా పొగ దారిలోకి వెళ్తుంది. మిగిలిపోయిన పెట్రోలు ఆవిరినీ కార్బన్ మోనాక్సైడ్‌నూ అక్కడే కాల్చేసి కాలుష్యం తగ్గించడానికి చేసిన ఏర్పాటు ఇది. యాక్సిలరేటర్ మూసినప్పుడు ఈ గాలి వెళ్తే పేలుడు ఖాయం కదా? అది వాళ్లకూ తెలుసు. అందుకే మూసిన వెంటనే ఆ దారి కట్టేసే వాల్వ్ ఒకటి పెట్టారు. ఆ వాల్వ్‌కు వెళ్లే సన్నటి రబ్బరు పైపు ఎండి పగిలిందా, బండి పటాకులు కాల్చడం మొదలుపెడుతుంది. కొందరు మెకానిక్కులు మొత్తం గొట్టానికే బిరడా కొట్టేస్తారు. చప్పుడు పోతుంది, పొగలో విషం పెరుగుతుంది. పైపు మార్చడమే మందు.

చప్పుడు ముందు నుంచా, వెనక నుంచా?

ఇంతసేపూ చెప్పింది సైలెన్సర్‌లో పేలే సంగతి. కార్బురేటర్ వైపు నుంచి 'ఫట్' మని ఊదడం వేరే జబ్బు. మిశ్రమంలో పెట్రోలు తక్కువైతే మంట నెమ్మదిగా పాకుతుంది. కొత్త మిశ్రమం రావడానికి ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకునే వేళకు లోపల ఇంకా నిప్పు ఉంటే, అది వెనక్కి తన్ని కార్బురేటర్‌లోకి వస్తుంది. చలికాలం పొద్దున్నే చోక్ వెయ్యకుండా బండి తీసేవాళ్లకు ఇది అనుభవమే. వాల్వులను కదిపే ట్యాపెట్లు మరీ బిగువుగా పెట్టినా ఇంతే, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మామూలు సైలెన్సర్ టపటపలతో పోయేది పరువే. ఈ రెండోదానితో ఎయిర్ ఫిల్టర్ కాలిపోవచ్చు. తేలిగ్గా తీసుకోకండి.

మూడో రకం కూడా ఒకటుంది: కిక్కు రివర్స్ కొట్టడం. పిస్టన్ పైకి చేరకముందే నిప్పు పడితే ఇంజిన్ వెనక్కి తిరుగుతుంది, కిక్ రాడ్ వచ్చి పిక్క మీద కొడుతుంది. పాత బుల్లెట్ ఆసాములు ఆమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్ రాడ్‌ను నెమ్మదిగా నొక్కి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ పట్టుకుని పిస్టన్‌ను శిఖరం దాటించి, అప్పుడు ఒక్క తన్ను తన్నేవారు. చూసేవాళ్లకు అదో పూజా విధానంలా ఉండేది గానీ, అది పిక్కను కాపాడుకునే విద్య. కార్లకూ తొలిరోజుల్లో ఇదే బాధ ఉండేది. చేత్తో తిప్పే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్లు విరిగేవి. 1912 కాడిలాక్ కారుకు చార్లెస్ కెటెరింగ్ బృందం విద్యుత్ స్టార్టర్ అమర్చాక ఆ గొడవ వదిలింది.

అన్నట్టు, బుల్లెట్ తయారుచేసే రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత నినాదం 'మేడ్ లైక్ ఎ గన్'. ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ తుపాకుల కార్ఖానాతో ఉన్న వ్యాపార సంబంధం నుంచి వచ్చింది ఆ పేరూ ఆ మాటా. తుపాకీలా తయారుచేశామన్నారే గానీ తుపాకీలా పేల్చమనలేదు.

కిల్ స్విచ్ పటాకులు

బండి నడుస్తుండగా కిల్ స్విచ్ ఆపి, యాక్సిలరేటర్ తిప్పి, మళ్లీ ఆన్ చేస్తే 'ఢాం' మంటుంది. స్విచ్ ఆపిన ఆ రెండు క్షణాలూ ప్లగ్గు వెలగదు, కార్బురేటర్ మాత్రం పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అదంతా సైలెన్సర్‌లో చేరి, స్విచ్ వేయగానే వచ్చే మొదటి మంటతో ఒక్కసారి అంటుకుంటుంది. సైలెన్సర్ లోపలి రేకు గదులు విడిపోవడం, అతుకులు చీలడం దీని తొలి ఫలితాలు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో ఇంకా పెద్ద నష్టం ఉంది. పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. పచ్చి పెట్రోలు దాని మీద పడి మండితే అది తట్టుకోలేనంత వేడెక్కి పాడైపోతుంది. కొత్తది కొనాలంటే ఆ చప్పుడు సరదా అంతా తీరిపోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. మన దేశంలో బండి తయారై వచ్చేటప్పటికే దాని చప్పుడుకు హద్దు ఉంటుంది: 80 సీసీ వరకు 75 డెసిబెల్స్, 80 నుంచి 175 సీసీ వరకు 77, అంతకు మించితే 80. సైలెన్సర్ మార్చి ఈ హద్దు దాటిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. లైసెన్సు కూడా మూడు నెలలు చేజారుతుంది. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా.

పేలుడుతో పని చేయించుకున్నవాళ్లూ లేకపోలేదు. ర్యాలీ కార్లలో యాక్సిలరేటర్ వదిలినా టర్బో తిరగడం ఆగకూడదని కావాలనే పెట్రోలును పొగ గొట్టంలో కాల్చేవారు. 2011లో ఫార్ములా వన్ జట్లు ఇంకో అడుగు ముందుకేశాయి. డ్రైవర్ కాలు తీసినా ఇంజిన్ పొగ ఊదుతూనే ఉండేలా చేసి, ఆ పొగను కారు అడుగున వెనక భాగానికి తోలి, కారును నేలకు నొక్కి పట్టించాయి. 2012కి నిబంధనలు మార్చి ఆ తంతుకు తెర దించారు. వాళ్లకు దాంతో సెకన్లు కలిసొచ్చాయి. మన వీధి చివర పేల్చేవాళ్లకు ఏం కలిసొస్తుందో తెలియదు.

ఇంజిన్ బ్రేక్ వేసేది కంప్రెషన్ కాదు

యాక్సిలరేటర్ వదిలితే చప్పుడే కాదు, బండి నెమ్మదించడమూ ఉంది. దాన్నే ఇంజిన్ బ్రేక్ అంటాం. 'గేరు తగ్గిస్తే కంప్రెషన్ పట్టి బండి ఆగుతుంది' అని పెద్ద పెద్ద డ్రైవర్లే అంటుంటారు. పెట్రోలు ఇంజిన్‌లో సంగతి వేరు. పిస్టన్ గాలిని నొక్కడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో, కిందికి దిగేటప్పుడు ఆ నొక్కిన గాలి దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. బండిని నిజంగా వెనక్కి లాగేది పీల్చే పని. యాక్సిలరేటర్ మూసినప్పుడు దారిలేని చోట గాలి పీల్చడానికి పిస్టన్ పడే యాతనే బ్రేకు. దానికి ఇంజిన్, గేర్‌బాక్స్‌లలోని రాపిడి తోడవుతుంది. సూది రంధ్రం మూసిన సిరంజిని లాగి చూడండి, చేతికి తెలిసే ఆ పట్టే ఇది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ నిమిషానికి పీల్పులు పెరుగుతాయి, పట్టు పెరుగుతుంది. అందుకే చిన్న గేరులో బండి గట్టిగా ఆగుతుంది.

డీజిల్ ఇంజిన్‌లో గాలి దారికి ఇలాంటి మూత ఉండదు, కాబట్టి దానికి సహజంగా ఈ బ్రేకు బలం తక్కువ. ఘాట్‌లో లారీ దిగుతుంటే 'ఫుస్స్' మని వినిపించే ఎగ్జాస్ట్ బ్రేక్ ఆ లోటు పూడ్చడానికే పుట్టింది. అది పొగ బయటికి పోయే దారిని మూసి ఇంజిన్‌కు ఊపిరి సలపనివ్వదు.

కుడిచేతి పని

గేరు తగ్గించడంలో అసలు కిటుకు ఎడమ కాలిలో లేదు, కుడిచేతిలో ఉంది. ఉదాహరణకు ఒక బండి మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం తిరుగుతోందనుకోండి. అదే వేగానికి రెండో గేరులో 5,500 తిరగాలి. మీరు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, క్లచ్ పట్టి, తీరిగ్గా గేరు వేసేలోపు ఇంజిన్ ఐడ్లింగ్‌కు, అంటే 1,500 దగ్గరికి పడిపోతుంది. ఇప్పుడు క్లచ్ టక్కున వదిలితే దాన్ని 1,500 నుంచి 5,500కు ఎవరు లేపాలి? రోడ్డును పట్టుకుని ఉన్న వెనక టైరు. అదీ ఏ స్థితిలో? ముందు బ్రేకు వేయడంతో బరువంతా ముందుకు వాలి, వెనక చక్రం తేలికైన స్థితిలో. అందుకే అది 'కీచ్' మని జారుతుంది, లేదా తకతక ఎగురుతుంది. వర్షం పడ్డ రోడ్డు మీద, మలుపులో ఇలా జరిగితే బండి అడ్డం తిరుగుతుంది.

మందు చిన్నదే. క్లచ్ పట్టిన ఆ అరక్షణంలో యాక్సిలరేటర్‌ను ఒక్క విదిలింపు విదిలించి ఇంజిన్‌ను 5,500 దగ్గరికి లేపాలి. మనవాళ్ల భాషలో 'రైజ్' ఇవ్వాలి. ఆ ఊపులోనే గేరు తగ్గించి క్లచ్ వదలాలి. ఇంజిన్, చక్రం ఒకే లెక్కలో కలుస్తాయి, కుదుపు ఉండదు. కష్టమల్లా బ్రేకు వేస్తూ ఇది చేయడమే, ఎందుకంటే ముందు బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకే చేతిలో ఉన్నాయి. చూపుడు వేలు, మధ్య వేలు బ్రేకు లివర్ మీద నిలకడగా ఉండాలి. బొటనవేలు, మిగిలిన రెండు వేళ్లు గ్రిప్‌ను తిప్పాలి. గ్రిప్ తిరిగినప్పుడు బ్రేకు మీది ఒత్తిడి మారకూడదు. వీణ వాయించేవాళ్లకు వేళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కదలడం అలవాటే, మనకు కాస్త సాధన కావాలి.

నేర్చుకునేవాళ్లు మొదట బ్రేకు జోలికి పోవద్దు. ఖాళీగా ఉన్న సమతలం రోడ్డు మీద మూడు నుంచి రెండుకు మాత్రం తగ్గిస్తూ చూడండి. క్లచ్ వదిలినప్పుడు బండి ముక్కు కిందికి వాలితే రైజ్ చాలలేదని. ముందుకు తోసుకుపోతే ఎక్కువైందని. ఏమీ తెలియకపోతే సరిగ్గా కుదిరిందని. మీటరు ముల్లు చూడాల్సిన పని లేదు, నడుముకే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. కార్లలా మోటార్‌సైకిల్ గేర్‌బాక్స్‌లో గేరు పళ్ల వేగాన్ని కలిపే సింక్రోమెష్ ఉండదు. పళ్లన్నీ ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, పక్కనున్న కొక్కేల్లాంటి డాగ్‌లు జరిగి పట్టుకుంటాయి. కాబట్టి మనమిచ్చే రైజ్ గేరు పడటానికి పెద్దగా అక్కర్లేదు. క్లచ్ మెత్తగా కలవడానికే దాని అవసరం. 'రైజ్ ఇవ్వకపోతే గేర్లు అరుగుతాయి' అని భయపెట్టేవాళ్ల మాట పూర్తిగా నమ్మక్కర్లేదు.

నన్నడిగితే రోజూ ఆఫీసుకు స్ప్లెండర్ మీద వెళ్లి వచ్చేవాళ్లకు ఈ విద్య తప్పనిసరేం కాదు. యాక్సిలరేటర్‌ను టక్కున మూసేయకుండా నెమ్మదిగా తగ్గించి, క్లచ్‌ను మెల్లగా వదిలితే చాలు. నెమ్మదిగా మూయడం వల్ల సైలెన్సర్ టపటపలు కూడా చాలావరకు తగ్గుతాయి. ఘాట్లలో తిరిగేవాళ్లు, 200 సీసీ దాటిన బండ్లవాళ్లు మాత్రం నేర్చుకుని తీరాలి. పాత బుల్లెట్ వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. దాని ఫ్లైవీల్ బాగా బరువు. క్లచ్ పట్టినా ఇంజిన్ వేగం గబుక్కున పడిపోదు, చిన్న ఆలస్యాన్ని మన్నిస్తుంది. కానీ ఆ బరువు వల్లే అది వెంటనే లేవదు కూడా. కాబట్టి బుల్లెట్‌కు విదిలింపు చాలదు, కాస్త నింపాదిగా తిప్పాలి.

బండి మారింది, పాదం మారలేదు

స్ప్లెండర్‌లో లివర్ ముందు భాగం తొక్కితే గేరు పెరుగుతుంది. పల్సర్‌లో అదే చోట తొక్కితే గేరు తగ్గుతుంది. పదేళ్లు స్ప్లెండర్ నడిపినవాడు బావమరిది పల్సర్ తీసుకుని 60 మీద నాలుగు వేద్దామని ముందుకు తొక్కితే పడేది రెండు! ఇక పాత బుల్లెట్‌ది మరీ తిరకాసు: గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, ఒకటి పైకి, మిగతావి కిందికి. ఎరువు బండి ఎక్కగానే నిలబెట్టి ఒకసారి గేర్లు వేసి చూసుకోవడం చిన్నతనమేమీ కాదు.

ఇలా పొరపాటున మరీ చిన్న గేరు పడితే రెవ్ లిమిటర్ కాపాడుతుందనుకోకండి. లిమిటర్ చేయగలిగింది పెట్రోలో నిప్పురవ్వో ఆపడమే. ఇంజిన్‌ను తిప్పుతున్నది చక్రమైనప్పుడు ఏది ఆపినా అది తిరుగుతూనే ఉంటుంది. హద్దు దాటితే వాల్వ్ స్ప్రింగులు వెనకబడి, వాల్వులు వెళ్లి పిస్టన్‌కు తగులుతాయి. ఏబీఎస్ కూడా ఇక్కడ చేతులెత్తేస్తుంది. అది బ్రేకు ఒత్తిడిని వదలగలదు గానీ ఇంజిన్ పట్టును వదలలేదు.

ఆ పని చేయడానికి పుట్టిందే స్లిప్పర్ క్లచ్. చక్రం ఇంజిన్‌ను మరీ గట్టిగా తిప్పబోతే, లోపలున్న ఏటవాలు మెట్లు క్లచ్ ప్లేట్లను కొద్దిగా ఎడం చేసి జారనిస్తాయి. రేసుల్లో పుట్టిన ఈ ఆలోచన 1983 నాటి హోండా వీఎఫ్750ఎఫ్‌లో మరో రూపంలో రోడ్డెక్కింది. మన దగ్గర డామినార్ 400లో, 2018లో వచ్చిన యమహా ఆర్15 మూడో తరంలో, అదే ఏడాది వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 జంట బండ్లలో ఉంది. కేటీఎం 390 అడ్వెంచర్ వంటివి ఇంకా ముందుకు పోయి, కాలు లివర్‌ను కదపగానే తామే రైజ్ ఇచ్చుకుంటాయి. క్లచ్ కూడా పట్టక్కర్లేదు.

టూస్ట్రోక్ బండికి ఇంజిన్ బ్రేక్ విషం

ఆర్ఎక్స్100, యెజ్డీ దాచుకున్నవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా చదవాలి. టూస్ట్రోక్ ఇంజిన్‌కు నూనె అందేది మిశ్రమంతో పాటే. యెజ్డీలో బంకు దగ్గరే పెట్రోలులో 2టీ ఆయిల్ కలిపి పోయించేవాళ్లం. ఆర్ఎక్స్100లో పంపు ఉన్నా, అది యాక్సిలరేటర్ తిప్పిన మేరకే నూనె ఇస్తుంది. యాక్సిలరేటర్ మూసి, గేరులో పెట్టి, పొడుగాటి ఘాట్ దిగితే ఇంజిన్ వేగంగా తిరుగుతుంటుంది, నూనె మాత్రం చుక్కల్లో అందుతుంది. పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. పైగా వీటికి ఇంజిన్ బ్రేక్ బలమూ అంతంతమాత్రమే. మధ్యమధ్య క్లచ్ పట్టి కాస్త రైజ్ ఇస్తూ దిగాలి. స్వీడన్‌కు చెందిన సాబ్ కంపెనీ తన టూస్ట్రోక్ కార్లకు సైకిల్ ఫ్రీవీల్ లాంటి ఏర్పాటు పెట్టింది. కాలు తీయగానే చక్రాలకూ ఇంజిన్‌కూ లంకె తెగిపోయేది. కారణం ఇదే.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందా?

అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్లలో న్యూట్రల్‌లో జారిపోయే బండ్లు రోజూ కనిపిస్తాయి. లెక్క చూద్దాం. ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి, గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా మూస్తే కంప్యూటర్ పెట్రోలును మొత్తంగా ఆపేస్తుంది. ఇంజిన్‌ను చక్రమే తిప్పుతుంది కాబట్టి పెట్రోలుతో పని లేదు. వేగం ఐడ్లింగ్ దగ్గరికి పడినప్పుడే మళ్లీ పోస్తుంది. న్యూట్రల్‌లో పెడితే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి! అంటే గేరులో దిగడమే పొదుపు. ఇంజెక్షన్ బండ్లు పాతవాటిలా టపటపలాడకపోవడానికి కారణం కూడా ఇదే. పెట్రోలే లేకపోతే పేలడానికేముంది? కార్బురేటర్ బండిలో న్యూట్రల్ వేస్తే కొంత మిగిలే మాట నిజమే. ఆ నాలుగు చుక్కల కోసం కొండ మీది నుంచి భారమంతా బ్రేకు షూల మీద వేయడం తెలివైన బేరం కాదు. ఆగకుండా రాసుకుంటే షూలు వేడెక్కి పట్టు కోల్పోతాయి. లివర్ నొక్కినా బండి ఆగదు.

తిరుమల కొండ దిగేవాళ్లకు 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డును, ఎక్కేవాళ్లకు 1974లో తెరిచిన రెండో రోడ్డును కేటాయించారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలని, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం. దిగేదానికే ఎక్కువ సమయం ఎందుకో ఇప్పుడు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పే మాట ఈ రోజుకీ సరైన లెక్కే.

గేర్లు లేని స్కూటర్ల వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటి క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి తనంతట తాను పట్టుకుంటుంది. వేగం బాగా తగ్గగానే తనంతట తానే వదిలేస్తుంది. అప్పుడు స్కూటర్ న్యూట్రల్‌లో ఉన్నట్టే. సరిగ్గా మలుపు దగ్గర, నెమ్మదిగా పోవాల్సిన చోటే ఇంజిన్ బ్రేక్ మాయమవుతుంది. రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ వాడాలి. మధ్యలో ఎక్కడైనా ఆగి వాటిని చల్లారనివ్వాలి. కరెంటు స్కూటర్లకు యాక్సిలరేటర్ వదిలితే మోటారే జనరేటర్‌లా మారి బండిని ఆపుతుంది, కానీ బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటు దాచుకోవడానికి చోటుండదు, పట్టు తగ్గుతుంది. కొండ మీద గదిలో రాత్రంతా నూరు శాతం చార్జింగ్ పెట్టి పొద్దున్నే దిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఆఖరిగా ఒక్కటి. మన రోడ్ల మీది మామూలు బండ్లలో ఇంజిన్ బ్రేక్‌కు వెనక ఎర్ర లైటు వెలగదు. మీరు గేరు తగ్గించి ఎంత గట్టిగా నెమ్మదించినా, వెనక బస్సు డ్రైవర్‌కు మీరు అదే వేగంతో పోతున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి గేరు తగ్గించేటప్పుడు బ్రేకు లివర్‌ను లైటు వెలిగేంత మాత్రం నొక్కి ఉంచండి. మీ బండిలో ఎంత నొక్కితే లైటు వెలుగుతుందో రేపు పొద్దున బయల్దేరే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి.